తూకానికి వేసిన పేర్లు

1757 జనవరి 24న బొబ్బిలి కోట పడింది. ఆ పతనాన్ని మా వైపు జనం ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు, పాటగా పాడుకుంటారు. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి పేరెత్తితే చాలు, కూర్చున్న ముసలివాళ్లు నిటారుగా సర్దుకుంటారు. అదే నేల మీద రెండు వందల ఏళ్లు దాటాక ఇంకో పతనం జరిగింది. ఫిరంగులు రాలేదు, పరాయి సేనలు రాలేదు, ఎవరికీ ఎవరి మీదా పగ లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వంటిళ్లలో ముందు అంబలి కుండ పోయింది. దాని వెనకే కంచు కంచం పోయింది. గంగాళం, గుండిగ, మరచెంబు, తాంబాళం వరసగా గడప దాటాయి. వీటికి బుర్రకథ కట్టినవాళ్లు లేరు. ఆ గడప దాటుతుంటే చూసినవాళ్లలో నేనొకణ్ని కనక చెబుతున్నాను.

మొదట పడింది చోడి. రాగులని మిగతావాళ్లు పిలిచే గింజ మాకు చోళ్లు. వంశధార, నాగావళి నీళ్లు ఎక్కే పల్లం భూముల్లో వరి పండితే, నీరు ఎక్కని మెరకంతా గరువు. ఆ గరువుల్లో చోడి వేసేవారు. మూడు నాలుగు నెలల్లో వెన్నులు చేతికొచ్చేవి. వానలు మొహం చాటేస్తే వరి ముందు ఎండుతుంది, చోడి ఇంకొన్నాళ్లు ఓర్చుకుంటుంది. పైగా దానికి అంత తేలిగ్గా పురుగు పట్టదు. గాదెలో పోసి మూత వేస్తే ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. 1866లో ఒరిస్సాను ఊడ్చేసిన కరవు గంజాం జిల్లానూ వదల్లేదు. ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో చాలా భాగం ఆనాడు గంజాంలోదే. అలాంటి రోజులు చూసిన నేల కాబట్టి, గాదెలో చోళ్లుంటే ఆ ఏడు గట్టెక్కుతామన్న ధైర్యం ఇళ్లలో ఉండేది.

అంబలి కాచడం చెప్పినంత తేలిక కాదు. తిరగలిలో విసిరిన పిండిని రాత్రి పడుకునే ముందు నీళ్లలో కలిపి మూత పెట్టాలి. తెల్లారేసరికి పులుస్తుంది. పొయ్యి మీద కుండలో నూకలు ఉడుకుతుండగా ఆ పులిసిన పిండిని ధారగా పోస్తూ తెడ్డుతో తిప్పాలి. చెయ్యి ఆగితే ఉండ కడుతుంది, అడుగంటుతుంది. దించి చల్లారబెట్టాక పాడి ఉన్న ఇంట్లో మజ్జిగ, లేని ఇంట్లో ఉప్పుకల్లు వేసుకునేవారు. నంజుకోడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, దొరికిన రోజున నిప్పుల మీద కాల్చిన ఎండుచేప. పొలానికి ముంతలో వెళ్లేది. గట్టు మీద తాటాకు దొప్పల్లో పోసుకుని తాగేవారు. "ఇంత అంబలి తాగీసి ఎల్లరా గుంటడా, ఎండెక్కితే కళ్లు తిరుగుతాయి" అని మా మామ్మ బడికి వెళ్లే నన్ను ఆపేది. ఆ పులుపు వాసన నా చొక్కాకి అంటుకుంటుందేమోనని భయపడుతూ తాగేవాణ్ని. బడిలో అంబలి తాగొచ్చినవాడెవడో, అన్నం తినొచ్చినవాడెవడో పిల్లలందరికీ తెలుసు. ఆ తెలియడంలోనే చోడి సగం ఓడిపోయింది.

ఆ వంటింట్లో ఇంకా చాలా ఉండేవి. సంక్రాంతి దాటాక తంపటేసిన తేగలు, వాటి టెంకల్ని చీల్చితే లోపల తెల్లటి బుర్రగుంజు. వేసవిలో ముంజెలు, వాటికోసం చెట్టు కింద పిల్లల కాపలా. నువ్వులూ బెల్లమూ రోట్లో వేసి దంచిన చిమ్మిలి. రోలు తుడిచిన చేతిని నాకడానికి నేనూ మా అప్పా, అంటే మా అక్కా, పోట్లాడుకునేవాళ్లం. ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఘాటుకి కళ్ల నీళ్లు కారుతున్నా ఇంకోసారి వడ్డించుకునేవాళ్లం. మన్యం నుంచి కట్టలు కట్టలుగా దిగే అడ్డాకుల విస్తళ్లలో పెళ్లి భోజనాలు. ఆడపిల్ల అత్తారింటికి వెళ్తే వెనక కావిళ్ల మీద సారె నడిచేది. సున్నుండలు, కజ్జికాయలు, చలిమిడి, వాటితో పాటు సామాను. ఆ సామాను మాట తర్వాత చెబుతాను, ఈ గాథ అంతా అక్కడికే వెళ్తుంది.

1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. ఆ బియ్యాన్ని నేను ఒక్క మాట కూడా అనను. అంతకు ముందు మా ఊళ్లో వరన్నం పండక్కీ పబ్బానికీ మాత్రమే వండే కొంపలుండేవి. కార్డు చేతికొచ్చాక ఆ ఇళ్లలో రాత్రి పూట తెల్లటి అన్నం పొగలు కక్కింది. ఆ పొగ ముందు కూర్చున్న మొహాలు చూసినవాడెవడూ చోడి కోసం ఆ పథకాన్ని తిట్టడు. నా బాధ వేరు. సర్కారు ధాన్యం కొన్నది, బియ్యం ఇచ్చింది. గరువు రైతు పండించిన చోళ్లను ఆ చేత్తో కొని ఈ చేత్తో పంచి ఉంటే అతని పంటకి ఒక బేరం నిలిచేది. అలా జరగలేదు. అమ్ముడు పోని పంటని ఎంతకాలం వేస్తాడు? గరువుల్లో నీలగిరి వచ్చింది, సరుగుడు వచ్చింది, జీడిమామిడి వచ్చింది. ఆ తర్వాత కోళ్ల దాణాకి వెళ్లే మొక్కజొన్న వచ్చింది. 2013లో చేసిన జాతీయ ఆహార భద్రతా చట్టం ముతక ధాన్యాలను కిలో ఒక్క రూపాయికి ఇవ్వొచ్చని రాసింది. ముప్పై ఏళ్లు ఆలస్యమైన అక్షరాలవి. అప్పటికి మా వైపు చాలా గరువుల్లో ఇవ్వడానికి చోడే లేదు.

విజయనగరంలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు చోడిలో కొత్త రకాలు తయారు చేసి, వాటిలో కొన్నిటికి మా నదుల పేర్లే పెట్టారు. చంపావతి ఒక రకం, వేగవతి ఒక రకం. ఆ నదుల ఒడ్డున పుట్టిన పిల్లల్లో చాలామందికి నది తెలుసు, పంట తెలియదు. నూరు గ్రాముల చోళ్లలో సున్నం, అదే కాల్షియం, మూడు వందల మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. తెల్ల బియ్యంలో పది చుట్టూ ఉంటుంది. ఎముకలకి చోడి మంచిదని మా మామ్మకి ఎవరూ లెక్క చెప్పలేదు. బాలింతకి ఏం పెట్టాలో, బాలారిష్టాలు దాటిన పిల్లకి ఏం తాగించాలో ఆమెకి తెలుసు, అంతే. 2023 మార్చిలో బడుల్లో మధ్యాహ్న భోజనంతో పాటు వారానికి మూడు రోజులు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు నేను సంతోషించాను. అది బెల్లం కలిపిన తియ్యటి జావ. పిల్లలు సిగ్గుపడకుండా తాగుతున్నారు. నేను సిగ్గుపడ్డ ఏళ్లు తల్చుకుంటే గొంతు పట్టేస్తుంది.

ఇక కంచు దగ్గరికి వస్తాను.

శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలో బుడితి అని ఒక ఊరుంది. నరసన్నపేటకి ఎగువన, పాతపట్నం వైపు. కంచు, ఇత్తడి సామానుకి ఆ ఊరు పెట్టింది పేరు. మా పెద్దవాళ్లు గిన్నె చేతిలోకి తీసుకుని గోటితో మీటి, మోత విని, "బుడితి కంచు" అని తలూపేవారు. రాగిలో తుత్తునాగం కలిస్తే ఇత్తడి, తగరం కలిస్తే కంచు. రాగి ముప్పాతిక పాళ్ల పైన, తగరం ఐదోవంతు పైన కలిస్తే ఆ మోత పుడుతుంది. గుడి గంటలో మోగేదీ అదే. కంచు చల్లగా ఉన్నప్పుడు పెళుసు, రాతి మీద పడితే పగులుతుంది. ఎర్రగా కాలితే మాత్రం సుత్తికి లొంగుతుంది. ఆ ఎరుపు ఎంతసేపు ఉంటుందో, ఎప్పుడు దెబ్బ వెయ్యాలో, ఎప్పుడు నీటిలో ముంచాలో పుస్తకంలో చదివితే రాదు. కంచరి కళ్లకి తెలియాలి. ఇత్తడి కరిగించే చోట ఇంకో ఆపద ఉంది. రాగి కరగడానికి వెయ్యి డిగ్రీలు దాటాలి, తుత్తునాగం 907 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది. మూస మీదికి వంగే మనిషి ఆ తెల్లటి పొగ పీలుస్తాడు. మా వంటింటి గంగాళాలు తళతళలాడింది ఆ ఊపిరితిత్తుల ఖర్చు మీదే. ఆ మాట దాచి కంచు వైభవం చెప్పడం తప్పు.

ఇత్తడికి ఇంట్లో ఒక చాకిరీ ఉండేది. చింతపండు పులుసు తగిలితే కిలుమెక్కుతుంది, కడుపులోకి వెళ్తే వాంతులు. అందుకని లోపల తగరం పూత, అంటే కళాయి. ఏడాదికోసారి కళాయివాడు రచ్చబండ దగ్గర గుంట తవ్వి, తిత్తి బిగించి, "కళాయి పూస్తాం" అని కేకేసేవాడు. ఊరి పిల్లలమంతా చుట్టూ మూగేవాళ్లం. గిన్నెని నిప్పుల మీద కాల్చి, నవాసారం చల్లేవాడు. గుప్పున తెల్లటి పొగ, ముక్కు మండించే వాసన. తగరం ముక్క తాకించి దూదితో ఒక్క తిప్పు తిప్పితే నల్లటి కడుపు వెన్నెల రంగుకి వచ్చేది. అంతసేపు కళ్లార్పకుండా చూసిన పని నా చిన్నతనంలో ఇంకోటి లేదు. తగరం మన దేశంలో దొరికేది బహు తక్కువ. బస్తర్ వైపు కొద్దిగా తప్ప దాదాపు అంతా బయటి దేశాల నుంచి రావాల్సిందే. దాని ధర పెరిగినప్పుడల్లా రెండు దెబ్బలు తగిలాయి. కళాయి ఖరీదైంది, కొత్త కంచూ ఖరీదైంది. ఊళ్లోకి కళాయివాడు రావడం మానేశాక, పొయ్యి మీదికెక్కని ఇత్తడి గిన్నెలు అటకెక్కాయి.

సారెలో వెళ్లే సామాను మాట చెబుతానన్నాను. పెళ్లికి కొన్న ప్రతి గిన్నె మీద పేరు కొట్టించేవారు. చిన్న ఉలితో చుక్క పక్కన చుక్క పొడుస్తూ, అంచు కింద, అక్షరాలు తీర్చేవారు. పెళ్లికూతురి పేరు, పుట్టింటి ఊరు, కొన్నిటి మీద సంవత్సరం కూడా. చుక్కల్లో ఒకటి తప్పినా అక్షరం మారిపోయేది. సరిచేసే వీలు లేదు కాబట్టి తప్పు తప్పుగానే తరాలు దిగేది. మా మామ్మకి చదువు రాదు. పొలం కాగితాల మీద తాతయ్య పేరు, గోడ మీది ఫొటో కింద తాతయ్య పేరు. ఆమె పేరు లోకంలో రాసి ఉన్నది ఆమె సామాను మీదే. చదవలేకపోయినా ఏ అక్షరం ఎక్కడుందో వేలితో తడిమి చెప్పేది. బంతిలో గిన్నెలు కలిసిపోయి ఇరుగింటికి వెళ్తే, చీకట్లో కూడా తనది తాను తెచ్చుకునేది.

ఆ సామాను ఆమె బ్యాంకు. ఎరువులకి డబ్బు చాలకపోతే, పిల్లకి జ్వరమొస్తే, చీర కొంగు కింద గిన్నె దాచుకుని షావుకారింటికి వెళ్లి తాకట్టు పెట్టేది. పంట నూర్చాక విడిపించేది. మగవాళ్లు చేసిన అప్పుల్లో భూములు పోయిన ఇళ్లు మా వైపు ఎన్నో ఉన్నాయి. కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' చదివినవాళ్లకి ఆ అప్పు మెడకెలా చుట్టుకుంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు. అలాంటి ఇళ్లలో చివరిదాకా మిగిలేది ఆడదాని కంచు. అదీ పోయిందంటే ఆ ఇల్లు ఇక లేవదని ఊరు అనుకునేది.

కంచు పోయింది, కానీ అప్పులకే పోయి ఉంటే నాకింత దుఃఖం ఉండేది కాదేమో. చాలా ఇళ్లలో ఇష్టపడి పంపించారు. 1980ల్లో సేలంలో స్టెయిన్‌లెస్ స్టీలు రేకుల తయారీ మొదలైంది, ఊళ్లలో స్టీలు సామాను చవకైంది. సైకిలు వెనక బుట్ట నిండా మెరుస్తూ వచ్చేది. పాత చీరలకి గ్లాసులు, పాత కంచుకి పళ్లేలు. మా అమ్మ ఎందుకు సంబరపడిందో ఇప్పుడు నాకు బాగా తెలుసు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి చింతపండూ ఇటుకపొడీ కొబ్బరిపీచూ పట్టుకుని గంగాళం లోపల సగం దూరి తోమిన మనిషి. వేలి సందులు పగిలి పులుపు తగిలితే విలవిల్లాడేది. స్టీలు తేలిక, కిలుమెక్కదు, కళాయి అక్కర్లేదు, ఒక్క తుడుపుకి మెరుస్తుంది. 1999లో దీపం పథకం కింద గ్యాసు పొయ్యిలు పేదిళ్లకీ వచ్చాక, ఆ చిన్న మంట మీద గుండ్రటి పెద్ద అడుగుల గుండిగలు కుదురుగా నిలవడం మానేశాయి. ఆడవాళ్ల వీపులకి సుఖం తెచ్చిన మార్పు అది. దాన్ని నిందించడానికి నాకు నోరు రాదు, ఆ చాకిరీ నేను చెయ్యలేదు.

మా ఇంట్లో తూకం వేసిన రోజు బాగా గుర్తుంది. అరుగు మీద తక్కెడ కట్టారు. ఒక్కో గిన్నె పళ్లెంలో పడుతుంటే ఒక్కో మోత. కంచు కంచం అన్నిటికన్నా ఎక్కువసేపు మోగింది. అది మా మామ్మ సారె కంచం. పెద్ద గంగాళం మామ్మది కాదు. ఆమె అత్తగారికి అత్తగారు తెచ్చుకున్నది, తరాలుగా ఆ ఇంట్లోనే నిలిచినది. అంచు చుట్టూ చుక్కల అక్షరాలు అరిగి, చింతపండుతో తోమిన రోజునే పైకి తేలేవి. మామ్మ అడ్డు చెప్పలేదు. కోడలి చేతులు చూస్తూనే ఉంది కదా. "పేరు మీద రాసిచ్చీ, కొత్తవాటి మీద" అని మాత్రం ఆ సైకిలు మనిషిని అడిగింది. అతను మంచివాడే. పట్నం తీసుకెళ్లి కొట్లో కరెంటు పెన్నుతో రాయించి, చెప్పిన వారానికే తెచ్చిచ్చాడు. ఇంటి యజమాని పేరు రాయడం కొట్టు అలవాటు. పళ్లేలన్నిటి మీదా మా నాన్న పేరుంది. మామ్మ వేలితో తడిమి చూసింది. కరెంటు పెన్ను గీత సన్నం, వేలికి తగల్లేదు.

అప్పుడు తూకానికి వెళ్లిన లోహం ఏమైంది? కంచరి కొలిమికి పాత లోహమే ముఖ్యమైన ముడిసరుకు. శ్రీకాకుళం జిల్లాలో అమ్మిన కంచూ ఇత్తడీ కొంతైనా తిరిగి కొలిమికే చేరి ఉంటుంది. కానీ ఇప్పుడు బిందె అడిగే ఇల్లు లేదు. బుడితిలో చేతులు పూలకుండీలకీ అలంకరణ సామానుకీ మళ్లాయి. లేపాక్షి దుకాణాల్లో అద్దాల వెనక కనిపిస్తాయి, చక్కగా ఉంటాయి. బుడితి కంచు, ఇత్తడి పనితనానికి భౌగోళిక గుర్తింపూ వచ్చింది. గుర్తింపు కాగితం పేరుని కాపాడుతుంది, కొలిమి ముందు కూర్చునే కొడుకుని తేలేదు. ఏడాదికి ఒకటి రెండు కుండీలు కొనే పట్నం ఇల్లు, ప్రతి పెళ్లికీ ఇంటి నిండా సామాను కొన్న పల్లెకి సాటి రాదు. బుడితిని నిలబెట్టింది అలంకారం కాదు, అంబలి తాగిన ఇళ్లలోని పెళ్లిళ్లు. పల్లె కొనడం మానిన నాడే కొలిమి చల్లారడం మొదలైంది, ఆ తర్వాత ఎన్ని బహుమతులిచ్చినా మంట పెరగలేదు.

శ్రీకాకుళంలో 1997లో కారా మాస్టారు, అదే 'యజ్ఞం' రాసిన కాళీపట్నం రామారావు గారు, కథానిలయం పెట్టారు. తెలుగు కథ అచ్చయిన పాత పత్రికల్ని వెతికి వెతికి తెచ్చి అక్కడ దాచారు. చిత్తు కాగితాలవాడి తక్కెడకి వెళ్లాల్సిన కథలెన్నో ఆ అరల్లో బతికాయి. నేను వెళ్లినప్పుడల్లా మా వైపు రచయితల కథల్లో అంబలి ముంతలు, కంచు గిన్నెలు వెతుక్కుంటాను, దొరుకుతాయి. గిన్నెల మీది పేర్లు దాచిన ఇల్లు మాత్రం ఎక్కడా లేదు. వేలకి వేల పేర్లు. చదువు రాని ఆడవాళ్లవి, పుట్టింటి ఊరితో సహా. జనాభా లెక్కల్లో అంకెలై, పొలం పట్టాల్లో కనపడక, ఇత్తడి అంచుల మీద మాత్రమే నిలిచిన పేర్లు. వాటిని మేమే తక్కెడలో వేశాం, మా చేతులతో.

మామ్మ పోయినప్పుడు కర్మ వంశధార ఒడ్డున, శ్రీముఖలింగంలో చేశారు. పిండాలు పెట్టే వేళ పురోహితుడు గారు ఆమె పేరు, ఆ పైన అత్తగారి పేరు, ఆ పైన అత్తగారి అత్తగారి పేరు అడిగారు. మొదటి రెండూ నాన్న చెప్పారు. మూడోది దగ్గర ఆగి మా వైపు చూశారు. బాబాయిలకి తెలియదు, అత్తలకి తెలియదు. పంతులుగారు కాసేపు చూసి, పేరు లేకుండానే కానిచ్చారు. ఆ పేరు పెద్ద గంగాళం అంచు మీద ఉండేదని మా అప్ప అంది. రెండో అక్షరానికి సుడి ఉండేదని, పక్కన ఊరి పేరు సగం అరిగిపోయిందని చెప్పింది. మొదటి అక్షరం ఆమెకీ గుర్తు రాలేదు.